రైటు సోదరులు కనిపెట్టినదేమి?



ముప్పదియేండ్ల క్రిందట, నేను ఉద్యోగములో నుండిన దినములలో, ఒకనాడు పై తరగతివారికి కాళిదాసుని రఘువంశమునందలి పదుమూడవ సర్గమును గూర్చి చెప్పుచుంటిని. శ్రీరాముడు సీతాసమేతుడై పుష్పకమెక్కి లంకనుండి అయోధ్యకు వచ్చుచు, దిగువ గాన్పించు సముద్రమును, అరణ్యములను, ఆశ్రమములను, నదులను ఆమెకు జూపి చెప్పుట ఆ సర్గమునందలి విషయము. వెనుక బల్లమీది బాలుడొకడు లేచి నిలువబడి, “పంతులుగారూ! విమానాన్ని రైటు సోదరులు కనిపెట్టారని సైన్సు మాస్టరుగారు చెప్పారండి. మనకు పుష్పకం అంతకు ముందే ఉన్నది గదండీ. మరి వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమిటండీ?” అని యడిగెను. తరగతి యెల్ల నవ్వినది. నేనును నవ్వి, “ఏమున్నదిరా! మనవాళ్లెప్పుడో చేసినదానికి వాళ్లొక ఇంజను తగిలించారు” అంటిని. పిల్లలు మరింత నవ్విరి. అంతలో గంట కొట్టిరి.

ఆ సమాధానము తప్పు. మన గ్రంథములను గూర్చియు తప్పే, ఆ సోదరులను గూర్చియు తప్పే. ఆనాడు నాకా సంగతి తెలియదు. ఉద్యోగము విరమించిన పిమ్మట తీరిక చిక్కి వారి చరిత్రమును శ్రద్ధగా చదివితిని. చదివినకొలది ఆ బాలునికి నేను ఋణపడియున్నానని తోచినది. ఆ ఋణమును నేడు మీ యెదుట తీర్చుకొన దలచితిని.

మొదట మన సంగతి. వాల్మీకి పుష్పకమును ‘కామగ’ మనినాడు. తలచిన చోటికి పోవునదని యర్థము. ప్రభువు సంకల్పించిన చాలును; అది కదలును, తిరుగును, దిగును. ఆ సంకల్పమునకును ఆ విమానమునకును నడుమ కవి యే యంత్రమును పెట్టలేదు. కావ్యమునకు దానితో పనియు లేదు. ‘వైమానిక శాస్త్ర’ మను పేర నొక గ్రంథమున్నమాట నిజమే. అది భరద్వాజ మహర్షి ప్రణీతమని కొందరందురు. కాని అది 20వ శతాబ్దారంభమున సుబ్బరాయశాస్త్రిగారు చెప్పగా వ్రాసికొన్నది. 1974లో బెంగుళూరునందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన విద్వాంసులైదుగురు దానిని పరిశీలించి, అది 1904కు పూర్వము పుట్టినది కాదనియు, అందు వర్ణించిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. సంస్కృతముతో తలనెరిసిన నాకును ఆ శ్లోకముల భాష ప్రాచీనముగా దోచలేదు. ఇట్లనుటవలన మన పూర్వుల గౌరవమునకు కొరత రాదు. పాణిని వ్యాకరణమునకును, ఆర్యభటుని గణితమునకును కూటసాక్ష్యములు తెచ్చి నిలుపవలసిన పనిలేదు గదా.

ఇక నింజను మాట. ఇంజను తగిలించుటయే విద్యయైనచో ఆ కీర్తి రైటు సోదరులకు దక్కెడిది కాదు. 1890 అక్టోబరులో ఫ్రాన్సుదేశీయుడగు క్లెమాన్ అదేరు గబ్బిలము రెక్కలవంటి రెక్కలుగల యంత్రమునకు ఆవిరి యింజను కట్టి, సుమారు 50 మీటర్ల దూరము నేలనుండి జానెడెత్తున లేచి, మరల నేల తాకెను. 1894లో హైరమ్ మాక్సిమ్ ఇంగ్లండులో మూడున్నర టన్నుల బరువుగల యంత్రమును రెండు ఆవిరి యింజనులతో పట్టాలపై పరుగెత్తించెను. అది మితిమీరి లేవకుండ పైన కట్టిన అడ్డుపట్టాను విరుగగొట్టి లేచినది. ఆయన వెంటనే ఆవిరి నాపివేసెను. ఆపక యేమి చేయగలడు? అది లేచినచో దానిని నడుపు విధమాయనకు తెలియదు. అసలు కష్టమంతయు నిచ్చటనే యున్నది.

ఈ విషయమున సవ్యముగ నాలోచించిన మొదటివారిలో ఇంగ్లండునందలి జార్జి కేలీ యొకడు. పక్షి తన రెక్కలతోనే పైకి లేచును, వాటితోనే ముందుకును సాగును. ఆ రెండు పనులను మనుష్యుడు విడదీయవలెనని ఆయన గ్రహించెను. రెక్క కదలక నిలిచి పైకెత్తవలెను. ముందుకు త్రోయుట మరియొక సాధనము చేయవలెను. ఈ భావమును 1799లోనే ఆయన ఒక వెండిబిళ్లపై చెక్కించెను. ఇప్పటి విమానములన్నియు ఆ వెండిబిళ్లకు సంతానమే. ఆయన తరువాత జర్మనీలో ఆటో లిలియెంతాల్ అను నింజనీరు 1891 మొదలుకొని అయిదేండ్లపాటు, ఇంజనులేని రెక్కల చట్రమును భుజములకు తగిలించుకొని, గుట్టలపైనుండి సుమారు 2,000 పర్యాయములు గాలిలో తేలుచు దిగెను. అట్టి చట్రమునకు గ్లైడరని పేరు. దానిని సరిదిద్దుకొనుట కాయనకున్న ఉపాయమొక్కటే: క్రింద వ్రేలాడుచున్న తన శరీరమును ఇటునటు ఊపుట. 1896 ఆగష్టు 9వ తేదీన ఒక గాలివిసురునకు ఆ యూపు చాలలేదు. పడి వెన్నెముక విరిగి, మరునాడు బెర్లినులో ప్రాణము విడిచెను. తమ మనస్సును ఈ విద్యవైపు మరల్చినది ఆ మరణవార్తయేయని విల్బరు రైటు తరువాత చెప్పెను.

విల్బరు 1867లోను, ఆర్విలు 1871లోను జన్మించిరి. అమెరికాలో ఒహైయో రాష్ట్రమునందలి డేటన్ వారి యూరు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. చిన్ననాడు ఆయన తెచ్చియిచ్చిన, రబ్బరు మెలికతో పైకెగురు బొమ్మ యొకటి వారి జ్ఞాపకములలో నిలిచినది. అన్నదమ్ములిద్దరికిని హైస్కూలు పట్టాలేదు. ఉపాధ్యాయుడనైన నాకీమాట చెప్పుటకు కొంచెము సంకోచమే. కాని వారి యింట పుస్తకములకు కొదువలేదు. చెల్లెలు కేథరిను కళాశాలలో పట్టము పొంది, డేటన్‌లో లాటిను భాషను బోధించుచుండెను. ఆ ప్రాచీనభాషాధ్యాపకురాలిని తలచుకొన్నపుడు నాకు సహోద్యోగినిని చూచినట్లుండును. ఆ సోదరులు మొదట అచ్చుకూటమును, 1892 నుండి సైకిళ్ల దుకాణమును నడపిరి. 1899 మే నెలలో విల్బరు, వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థకు ఉత్తరము వ్రాసి, ఎగురుటను గూర్చి అప్పటికి వెలువడిన గ్రంథముల వివరములు తెప్పించుకొనెను. ముందు పూర్వగ్రంథములను చదివి, తరువాత పనిముట్టు పట్టిరి. ఈ గుణము నాకు మిక్కిలి నచ్చినది.

సైకిలునకును విమానమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. సైకిలును నిలువబెట్టి చేయి వదలినచో పడిపోవును. త్రొక్కువాడు క్షణక్షణమును తూకము సవరించుకొనుచుండును గాని అది నిలువదు. మలుపులో ఒక ప్రక్కకు వాలనిదే అది తిరుగదు. తక్కిన ప్రయోగకర్తలనేకులు తనంత తానే నిలుకడగానుండు యంత్రమును, నీటిపై ఓడవంటిదానిని, చేయదలచిరి. ఈ సోదరులు సైకిలువంటిదానిని చేయదలచిరి. అది తనంత నిలువకున్నను సరియే, ఎక్కినవాని చేతికి లొంగవలెను. ఎగురు యంత్రము మూడు విధముల తప్పిపోవచ్చును. ముక్కు పైకో క్రిందికో పోవును. ముక్కు కుడికో ఎడమకో తిరుగును. ఒక రెక్క లేచి మరియొక రెక్క దిగును. మొదటి రెంటికి చుక్కానులు చాలునని అందరికి తెలియును. మూడవదానికి ఉపాయము లేక లిలియెంతాల్ నడుమూపెను.

ఒకనాడు దుకాణములో విల్బరు, సైకిలు ట్యూబు వచ్చిన సన్నని అట్టపెట్టెను చేతబట్టి, ఎవరితోనో మాటలాడుచు దానిని అటునిటు మెలిపెట్టుచుండెను. ఒక కొన ఇటు తిరిగిన, రెండవ కొన అటు తిరుగుచున్నది. కాని పెట్టె విరుగుట లేదు. పై రెక్కను క్రింది రెక్కను పుల్లలతోను తీగలతోను బిగించి, ఆ చట్రము నంతటిని ఆ పెట్టెవలె మెలిపెట్టినచో? ఒక ప్రక్క రెక్క గాలి నెక్కువగ పట్టి లేచును, రెండవది దిగును. ఆ వేసవిలోనే అయిదడుగుల గాలిపటము కట్టి, త్రాళ్లతో రెక్కలు మెలిపెట్టి చూచిరి. అది చెప్పినట్లు వినినది.

తరువాత 1900 నుండి ఏటేట ఉత్తర కరోలినా సముద్రతీరమున కిట్టీహాక్ అను పల్లెకు పోయి గ్లైడర్లను పరీక్షించిరి. అచ్చట ఎడతెగని గాలియు, పడినను దెబ్బతగులని యిసుకయు కలవు, దోమలును కలవు. 1901లో వారి పెద్ద గ్లైడరు నిరాశ కలిగించినది. లెక్క ప్రకారము రావలసిన పైకెత్తు బలములో మూడవవంతు మాత్రమే వచ్చినది. మెలిపెట్టినప్పుడు యంత్రము ఒక్కొక్కసారి తిరుగవలసిన దిక్కునకు వ్యతిరేకముగ మొగ్గినది. ఇంటికి మరలు త్రోవలో, తమ జీవితకాలమున మనుష్యుడెగురడని విల్బరు నిస్పృహతో ననెను.

ఇచ్చట కొంచెము నిలువవలెను. వారు విసిగి మానివేసి యుండవచ్చును. లేదా మరింత పెద్దరెక్కలు కట్టి అదృష్టమును పరీక్షించి యుండవచ్చును. అట్లుగాక వారు లెక్కనే శంకించిరి. గాలి యొక తలముపై నెంత బలముగ త్రోయునో తెలుపు సంఖ్య యొకటి 18వ శతాబ్దమునుండి వాడుకలో నుండెను. 0.005 అను నా సంఖ్యను పెద్దలందరు వాడిరి గనుక వీరును వాడిరి. ఇప్పుడు దుకాణము మేడమీద, ఆరడుగుల పొడవు, 16 అంగుళముల చదరముగల చెక్కపెట్టెను చేసి, ఒకకొనను పంకాను పెట్టి గాలి నాడించిరి. దీనికే వాయుసొరంగమని పేరు. లోపల రంపపు బ్లేడుముక్కలతోను సైకిలు చువ్వలతోను చేసిన చిన్న త్రాసులు. వాటికి ఒక్కొక్క ఆకారముగల చిన్న రేకు రెక్కను తగిలించి, పైకెత్తు బలమెంత, వెనుకకు లాగు బలమెంతయని వ్రాసికొనిరి. సుమారు 200 ఆకారములను చూచిరి. ఆ పాత సంఖ్య ఒకటిన్నర రెట్లు ఎక్కువయనియు, 0.0033 సరియైనదనియు, పొడవై సన్ననైన రెక్క మేలనియు తేలినది. 1901 చలికాలములోని ఆ రెండు నెలల పనియే నా దృష్టిలో విమానచరిత్రమునకు నడుమిల్లు. దానిని చూచుటకు జనము గుమిగూడలేదు. ఫోటో తీయువాడును రాలేదు.

1902 గ్లైడరు ఆ క్రొత్త లెక్కలతో పుట్టినది. ఎదురు మొగ్గుట మాత్రము పోలేదు. ఒకరాత్రి నిద్రపట్టక ఆర్విలు ఆలోచించి, వెనుక కదలకుండ బిగించిన తోకను కదలునట్లు చేయుదమని ఉదయమున చెప్పెను. విల్బరు విని, రెక్కల మెలికతోనే ఆ తోకయు తిరుగునట్లు తీగను కలుపుదమనెను. దానితో మూడు దిక్కులు చేతికి వచ్చినవి. ఆ శరదృతువున సుమారు వేయి పర్యాయములు తేలి దిగిరి. అత్యధిక దూరము 622 అడుగులు. ఇంజను లేదు. అయినను నా యెరుకలో విమానమప్పుడే పుట్టినది.

చూచితిరా, నేను తరగతిలో చెప్పిన యింజను చిట్టచివర వచ్చినది! తగిన యింజను నమ్మువారెవ్వరును దొరకక, తమ దుకాణములోని చార్లీ టేలరు అను పనివానిచే చేయించిరి. అతడు ఆరు వారములలో 12 అశ్వశక్తి గలదానిని సిద్ధము చేసెను. అది గొప్ప యింజను కాదు, చాలునంతది. అంతకన్న కష్టమైనది ప్రొపెల్లరు. అది గాలిలో మరవలె దూరునదని యందరనుకొనిరి. వీరు అది గిరగిర తిరుగు రెక్కయని నిశ్చయించి, రెక్కల లెక్కలనే దానికి వర్తింపజేసిరి. ఆ వాదములలో ఒక వింత కలదు. అన్నదమ్ములు గంటలకొలది వాదించి వాదించి, తుదకు అన్న తమ్ముని పక్షమునకును తమ్ముడు అన్న పక్షమునకును మారి మరల వాదించువారట. పూర్వపక్షమును తానే సమర్థించి చూచుకొననివాడు సిద్ధాంతము చేయరాదని మా గురువుగారు తర్కపాఠమున చెప్పెడివారు. ఆ సోదరులు మా గురువుగారికి నచ్చియుందురు.

ఆ సమయముననే స్మిత్సోనియను కార్యదర్శియగు సామ్యూల్ లాంగ్లీ ప్రభుత్వ ధనముతో మరియొక యంత్రమును చేయుచుండెను. ఆయన సామాన్యుడు కాడు. 1896లో మనుష్యుడెక్కని ఆవిరి విమానమును పొటోమాక్ నదిపై అరమైలుకుపైగా ఎగురవేసెను. యుద్ధశాఖ 50,000 డాలర్లిచ్చినది. ఇంజను 52 అశ్వశక్తి గలది. రైటు సోదరులదానికి నాలుగింతలు! కాని యంత్రమును ప్రక్కలకు తూచుకొను సాధనము దానికి లేదు. గ్లైడరుగ ముందు పరీక్షింపను లేదు. 1903 అక్టోబరు 7న ఓడకప్పునుండి విసరగా తిన్నగా నీటిలో పడినది. డిసెంబరు 8న మరల పడినది. నడపువాడు బ్రతికి బయటపడెను. పత్రికలు వృద్ధుని మిక్కిలి పరిహసించినవి. 1906లో ఆయన మరణించెను.

ఆ రెండవ పాటునకు తొమ్మిదవనాడు, 1903 డిసెంబరు 17, గురువారము. కిట్టీహాక్ సమీపమున గుంటలలోని నీరు పేరుకొనియున్నది. గాలి గంటకు 27 మైళ్ల వేగము. చూచుటకు వచ్చినవారు అయిదుగురే. వారిలో నొకడు కుర్రవాడు. మూడు దినముల క్రిందట నాణెమెగురవైచి గెలిచిన విల్బరు ప్రయత్నించి, ముక్కు ఎక్కువ లేపి పడియుండెను. కనుక నేడు ఆర్విలు వంతు. 10 గంటల 35 నిమిషములకు యంత్రము కదలినది. 12 సెకండ్లు. 120 అడుగులు. నేటి బోయింగు 747 ఒక రెక్కకొననుండి రెండవ రెక్కకొనవరకు గల దూరముకన్న తక్కువ. అంతకు ముందెన్నడును కెమేరా ముట్టని తీరరక్షక భటుడొకడు మీట నొక్కగా, ఆ క్షణము చిత్రమునకెక్కినది. నాలుగవసారి విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. తరువాత నేలనున్న యంత్రమును గాలి యెత్తి దొర్లించి విరుగగొట్టినది. అది మరల నెగురలేదు. దానికైన ఖర్చంతయు వేయి డాలర్లకు లోపు.

తండ్రికి తంతి యిచ్చిరి. తంతిలో 59 పొరబాటున 57 అయినది. ఊరి పత్రికాప్రతినిధి చూచి, 57 నిమిషములైన వార్తయగును గాని సెకండ్లు వార్త కాదని తోసివేసెనట. తరువాతి రెండేండ్లు డేటన్ చెంత పశువులు మేయు బీడులో వారు సాధన చేసిరి. 1904 సెప్టెంబరు 20న మొదటిసారి గుండ్రముగ తిరిగి బయలుదేరినచోటికి వచ్చిరి. దానిని కన్నులార చూచి ప్రకటించినదెవరనుకొనుచున్నారు? ఏమస్ రూట్ అను తేనెటీగల పెంపకపుదారు, తన తేనెటీగల పత్రికలో! 1905 అక్టోబరు 5న విల్బరు బీడుచుట్టు తిరుగుచు 39 నిమిషములలో 24 మైళ్లు పోయి, తైలమైపోగా దిగెను. ఆనాటికి అది తలచినట్లు పోయి, తలచినట్లు తిరిగి, తలచినట్లు దిగుచున్నది. వాల్మీకి మాటలో ‘కామగ’ మైనది. ఆ బాలుడడిగిన ప్రశ్నకు ఉత్తరమిదియే.

యూరపు నమ్మలేదు. 1906లో పారిసునందు బ్రెజిలు దేశీయుడు సాంతోస్ ద్యుమోన్ 220 మీటర్లు ఎగురగా అదియే మొదటిదని కొనియాడిరి. ధైర్యశాలియే, కాని తిన్నగా పోయెను. 1908 ఆగష్టు 8న ఫ్రాన్సులో లెమాన్స్ చెంత గుర్రపుపందెముల మైదానమున విల్బరు లేచి, పక్షివలె ప్రక్కకు వాలుచు రెండు చుట్లు తిరిగి దిగెను. పట్టినకాలము రెండు నిమిషములకు లోపే. చూడవచ్చినవారిలో బ్లేరియో యొకడు. వారప్పటికి బండిని త్రిప్పినట్లు చదునుగ త్రిప్ప ప్రయత్నించుచుండిరి. వాలుట చూచి దిగ్భ్రాంతులైరి. మరుసటియేట ఆ బ్లేరియోయే ఇంగ్లీషు కాలువను దాటెను. 1911 ఫిబ్రవరి 18న మన అలహాబాదులో హెన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు ఉత్తరముల మూటతో యమునను దాటి నైనీలో దిగెను. అది లోకమునందు విమానపు టపాలకు నాంది.

మూల్యము లేకపోలేదు. 1908 సెప్టెంబరు 17న వాషింగ్టను చెంత ఆర్విలు నడుపు విమానమున ప్రొపెల్లరు విరిగి పడగా, వెంటనున్న లెఫ్టినెంటు సెల్ఫ్రిజ్ మరణించెను. ఇంజను విమానమున గతించిన మొదటివాడతడే. తొడ విరిగిన అన్నకు పరిచర్య చేయుటకు కేథరిను తన లాటిను తరగతులను వదలి పరుగెత్తి వచ్చెను. ఆపై పేటెంటు వ్యాజ్యములు. అవి ఆ సోదరుల కాలమును, మనశ్శాంతిని హరించినవి; వారి కీర్తికి వన్నె పెట్టినవని నేననజాలను. 1912లో విల్బరు సన్నిపాతజ్వరమున 45వ యేట పోయెను.

1914లో, రైటు సోదరుల పేటెంటు ప్రతివాదియగు గ్లెన్ కర్టిస్, నదిలో పడిన లాంగ్లీ యంత్రమును స్మిత్సోనియను సమ్మతితో తీసికొని, పెక్కు మార్పులు చేసి, కొంచెము ఎగిరించెను. సంస్థవారు దానిని పూర్వరూపమునకు మార్చి, మనుష్యునితో ఎగురగల మొదటి విమానమిదియేయని ఫలకము వ్రాసి ప్రదర్శించిరి. చేసిన మార్పులమాట చెప్పలేదు. ఆర్విలు ఏండ్ల తరబడి విన్నవించెను. విననందున, 1928లో తమ అసలు యంత్రమును స్వదేశమున నుంచక లండనులోని సైన్సు మ్యూజియమునకు పంపివేసెను. 1942లో, అప్పటి కార్యదర్శి చార్లెస్ ఆబట్, ఆ మార్పుల పట్టికను అచ్చొత్తించి, తమవారి మాట తప్పని యొప్పుకొనెను. అంత గొప్ప సంస్థకు తన తప్పు దిద్దుకొనుటకు 28 ఏండ్లు పట్టినది. నాకు ముప్పది పట్టినది. నన్నడ్డగించిన పేటెంటు వ్యాజ్యమేదియు లేకున్నను.

1948 డిసెంబరు 17న, తాను లేచిన దినమునకు సరిగా 45 ఏండ్లకు, ఆ యంత్రమును వాషింగ్టనులో వ్రేలాడదీసిరి. ఆర్విలు దానిని చూడలేదు. ఆ సంవత్సరము జనవరి 30ననే ఆయన కన్నుమూసియుండెను.